జవాబు రాయని కార్యదర్శి

1884 ఏప్రిల్ 14. ఈస్టర్ మరుసటి రోజు, సోమవారం. పశ్చిమ ఐర్లండ్‌లోని బల్లినస్లో ఊరి సంత బయలు జనంతో నిండిపోయింది. డబ్లిన్ నుంచి వచ్చిన మెట్రోపాలిటన్ క్లబ్బు కుర్రాళ్లు ఒకవైపు, కిల్లిమోర్ రైతుబిడ్డలు మరోవైపు. అందరి చేతుల్లోనూ యాష్ చెట్టు మొదలు దగ్గరి ఒంపు చూసి చెక్కించుకున్న కర్రలు.

ఆట పేరు హర్లింగ్. హాకీ ఎరిగినవాళ్లకు ఇందులో సగం అర్థమవుతుంది. మిగతా సగం చూస్తేగాని నమ్మబుద్ధి కాదు. బంతి నేలను అంటిపెట్టుకుని ఉండాలన్న పట్టింపు లేదు. దాన్ని కర్రమీద నిలబెట్టుకుని పరుగెత్తొచ్చు, గాల్లో ఉండగానే బాదొచ్చు. తల పక్కనుంచి కర్ర దూసుకుపోవడం ఆటలో భాగమే. స్కాట్లండ్ కొండల్లో ఆడే షింటీకి ఇది తోబుట్టువు. రెండూ గేలిక్ భాష మాట్లాడే ఒకే మూలజాతి ఆటలు.

ఆ రోజు ఆట సాగలేదు. కిల్లిమోర్‌వాళ్లకు తాతల నాటి పద్ధతి ఉంది. మనిషిని కర్రతో ఎంతవరకు అడ్డుకోవచ్చు, ఎప్పుడు వదిలెయ్యాలి అన్నది ఆ ఊరికి తెలుసు, ఎక్కడా రాసి లేదు. డబ్లిన్‌వాళ్లు తమ క్లబ్బులో తాము కుదుర్చుకున్న నియమాలతో వచ్చారు. కాసేపటికే మోకాళ్ల మీద దెబ్బలు పడ్డాయి. డబ్లిన్ జట్టును తీసుకొచ్చిన పెద్ద గడ్డపాయన బయలు మధ్యకు నడిచి ఆట ఆపించేశాడు. ఇలా మొరటుగా ఆడితే మావాళ్లు ఆడరన్నాడు. కిల్లిమోర్ జనానికి ఒళ్లు మండింది. వాళ్ల లెక్కలో అది మొరటుతనం కాదు, హర్లింగ్.

ఆ గడ్డపాయన పేరు మైకేల్ క్యూసాక్. వయసు 36. ఒకే దేశంలో, ఒకే ఆట పేరుతో, రెండు జట్లు కలిసి ఒక్క పూట ఆడలేని స్థితి అది. ఆ ఏడాది ముగిసేలోపు దీనికి మందు వేస్తానని బయల్దేరింది ఆయనే. రెండేళ్లు తిరక్కుండానే ఆ మందుశాల నుంచి ఆయన్ని గెంటేశారు.

క్యూసాక్ పుట్టింది 1847లో, క్లేర్ జిల్లాలోని కారన్‌లో, సున్నపురాతి బండలు పరుచుకున్న బరెన్ ప్రాంతపు అంచున. ఐర్లండ్ చరిత్రలో ఆ సంవత్సరం పేరు చెబితే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. బంగాళాదుంప పంట కుళ్లిపోయి లక్షలమంది ఆకలితో, జ్వరాలతో పోయిన కరవుకాలం. పిల్లవాడికి తల్లిభాష ఐరిష్. ఇంగ్లిష్ తరవాత నేర్చుకుంది. చదువు పట్టుకుని పైకొచ్చాడు, బడిపంతులయ్యాడు, ఊరూరా పెద్ద పెద్ద కాలేజీల్లో పాఠాలు చెప్పాడు. 1877లో డబ్లిన్‌లో సొంతంగా అకాడమీ పెట్టాడు. ప్రభుత్వోద్యోగాల పోటీ పరీక్షలకు, పోలీసు అధికారుల పరీక్షలకు, వైద్య కళాశాల ప్రవేశానికి అక్కడ కుర్రాళ్లను తయారుచేసేవారు. మన హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే మాష్టారును ఊహించుకోండి. సాయంత్రం క్లాసు కాగానే ఆయన శిష్యుల్ని వెంటేసుకుని మైదానానికి పరుగెత్తితే ఎలా ఉంటుందో, అదీ క్యూసాక్.

ఆడని ఆట లేదు. అకాడమీ పేరుతో రగ్బీ జట్టు పెట్టి తానూ దిగాడు. ఇనపగుండు విసరడంలో 1881లో ఐర్లండ్ చాంపియన్. ఐర్లండ్ ఆటల పితామహుడని నేడు మనం పిలిచే ఈ మనిషి 1882లో ఒక పత్రికకు వ్యాసం రాస్తూ ఊరూరా క్రికెట్ క్లబ్బు ఉండాలని సలహా ఇచ్చాడు! తరవాత క్రికెట్‌ను పరాయి ఆటగా తిట్టిపోసినప్పుడు ఈ సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు కూడా. మనసు మార్చుకున్నవాడి మాటకు పదునెక్కువ.

ఆయన మనసు మారడానికి దేశాభిమానం ఒక కారణమైతే, మైదానంలో కళ్లారా చూసింది ఇంకో కారణం. అప్పటి అథ్లెటిక్స్ పోటీలు దొరబాబుల చేతుల్లో ఉండేవి. ఇంగ్లండ్ సంఘాల నియమాలే ఇక్కడా వర్తించేవి. కూలిపని చేసేవాడు, చేతివృత్తివాడు అమెచ్యూర్ కాడంటూ పక్కకు నెట్టే పద్ధతి ఉండేది. పోటీలు శనివారాల్లో పెట్టేవారు. శనివారం పనిలో ఉండేవాడు రావడమెలా? ఆదివారం పెడదామంటే అది విశ్రాంతి దినమని అభ్యంతరం. అంటే నియమం ఏదీ పైకి అనకుండానే రైతుకూలీ కొడుకు గేటు బయట నిలబడిపోయేవాడు. మైదానంలో ఎంత బలంగా గుండు విసిరితేనేం, ఎవరు ఆడాలో తేల్చేది బల్ల వెనక కూర్చున్నవాళ్లు. బల్లినస్లో నుంచి తిరిగొచ్చాక క్యూసాక్ చూపు ఆ బల్ల మీద పడింది.

1884 అక్టోబర్ 11న రెండు జాతీయవాద పత్రికల్లో ఒక వ్యాసం వచ్చింది. రాసినవారి పేరు లేదు, చదివినవారందరికీ తెలుసు. ఐర్లండ్ ఆటల్ని ఐర్లండ్ వాళ్లే నడుపుకోవాలి, నియమాలు మనమే రాసుకోవాలి అన్నది సారాంశం. వారం తిరిగేసరికి దానికి మద్దతుగా ఒక ఉత్తరం వచ్చింది. దాని కింద ఉన్న సంతకం చూసి డబ్లిన్ ఆటల పెద్దలు ఉలిక్కిపడి ఉంటారు. మోరిస్ డావిన్. షూర్ నది ఒడ్డున క్యారిక్ ఊరి రైతు. సుత్తి విసరడంలో ఆయన పేరు సముద్రం దాటింది. 1881లో దాదాపు నలభయ్యో పడిలో బర్మింగ్‌హామ్ వెళ్లి, ఇంగ్లిష్ చాంపియన్‌షిప్‌లో సుత్తి, గుండు రెండూ గెలుచుకొచ్చిన ఘనుడు. మాట తక్కువ, కోపం తక్కువ. క్యూసాక్‌లో లేనివన్నీ ఆయనలో ఉన్నాయి.

నవంబర్ 1, శనివారం, సకల పునీతుల పండగ. థర్లస్ పట్టణంలో హేస్ హోటల్. బిలియర్డ్స్ గది. క్యూసాక్ దేశమంతా ఉత్తరాలు పంపి పిలిచిన మహాసభ ఇదే.

వచ్చినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. చరిత్ర పుస్తకాల్లో ఏడుగురి పేర్లు నిలిచాయి. ఇంకొందరు కూడా ఉన్నారని ఆనాటి పత్రికల కథనాలు చెబుతాయి. ఏడుగురే అనుకున్నా, ఆ ఏడుగురూ ఒకచోట చేరడమే విచిత్రం. క్యూసాక్, డావిన్ కాక ఇద్దరు విలేకరులు, జాన్ వైజ్ పవర్, జాన్ మెకే. ఒక న్యాయవాది, జోసెఫ్ ఓరైన్. టెంపుల్‌మోర్ నుంచి రాతిపని కాంట్రాక్టరు జె. కె. బ్రాకెన్. బ్రాకెన్ బ్రిటిష్ పాలనను కూలదోయాలనుకునే రహస్య సంఘం మనిషి. ఆయన కొడుకు బ్రెండన్ ముందుముందు చర్చిల్ మంత్రివర్గంలో సమాచార మంత్రి అవుతాడు. విధి ఇలాంటి చమత్కారాలు చేస్తూనే ఉంటుంది. ఏడో మనిషి థామస్ సెయింట్ జార్జ్ మెకార్తీ, అదే టెంపుల్‌మోర్‌లో పోలీసు అధికారి. బ్రాకెన్ లాంటివాళ్లమీద కన్నేసి ఉంచడం ఆ పోలీసు శాఖ ఉద్యోగధర్మం! మెకార్తీ క్యూసాక్ అకాడమీలో చదివి పరీక్ష నెగ్గినవాడు, 1882లో వేల్స్ మీద ఐర్లండ్ తరఫున రగ్బీ ఆడినవాడు. గురువుగారు పిలిస్తే వచ్చాడు.

డావిన్ అధ్యక్షుడయ్యాడు. క్యూసాక్, వైజ్ పవర్, మెకే కార్యదర్శులు. గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పుట్టింది. ఆ మధ్యాహ్నం థర్లస్ వీధుల్లో నడిచినవాడెవడికీ ఆ హోటల్లో ఏదో జరిగిందని తెలిసే అవకాశం లేదు.

కొద్ది వారాల్లోనే కాషెల్ ఆర్చిబిషప్ క్రోక్ పోషకుడిగా ఉండటానికి ఒప్పుకున్నారు. ఆయన నివాసం ఆ థర్లస్‌లోనే. డిసెంబర్ 18న ఆయన రాసిన ఉత్తరం పత్రికల్లో వచ్చింది. మన ఆటలు చచ్చిపోతున్నాయి, దిగుమతి ఆటలూ దిగుమతి దుస్తులూ మనల్ని మింగేస్తున్నాయి అని పెద్దాయన ఆవేదన. పార్లమెంటు పార్టీ నాయకుడు పార్నెల్, రైతు ఉద్యమ నాయకుడు డావిట్ కూడా పోషకులయ్యారు. చర్చి, పార్లమెంటు పార్టీ, రైతు ఉద్యమం, మూడూ ఒకే కాగితం మీదకు వచ్చాయి. 1885 జనవరిలో డావిన్ నింపాదిగా కూర్చుని రాసిన నియమాలు సంఘం ఆమోదించింది. కిల్లిమోర్‌వాడూ డబ్లిన్‌వాడూ ఒకే పుస్తకం చూసి ఆడే రోజు వచ్చింది.

ఆ పైన జరిగింది ఎవరి అంచనాకూ అందలేదు. సంఘం పోటీల్ని ఆదివారం పెట్టింది. అంతే. గేటు బయట నిలబడిన జనమంతా లోపలికి వచ్చేశారు. ఊరికో క్లబ్బు, చర్చి పక్కన పొలంలో మైదానం. పాతకాపులు ఊరుకుంటారా? 1885 మొదట్లో డబ్లిన్ పెద్దలు పోటీ సంఘం పెట్టారు. ఎవరి పోటీలో పాల్గొన్నవాడు ఎవరి పోటీకి పనికిరాడన్న రచ్చ మొదలైంది. జూన్ 17న ట్రాలీ పట్టణంలో ఒకే రోజు ఇరుపక్షాలూ పోటీలు పెట్టాయి. గేలిక్ సంఘం మైదానానికి వేలమంది, అవతలికి కొన్ని వందలు. ఊరు తీర్పు చెప్పేసింది.

ఇంతమందిని కదిలించడంలో క్యూసాక్ పాత్రకు సాటి లేదు. మోకాళ్లదాకా ప్యాంటు, దుడ్డుకర్ర, వెడల్పాటి టోపీ, ఛాతీ మీద పరుచుకున్న గడ్డం. ఎక్కడికెళ్లినా గొంతు ముందు వినిపించేది. వారం వారం పత్రికలో రాసేవాడు. రాతలో ప్రత్యర్థుల పేర్లు పెట్టి చాకిరేవు పెట్టేవాడు.

అయితే కార్యదర్శి ఉద్యోగం వేరు. ఉద్యోగం అనడమూ తప్పే, జీతం లేదు. క్లబ్బు పెట్టాం, చేర్చుకోండి అని ఒక ఊరు రాస్తుంది. చందా పంపాం, రసీదు ఏదని ఇంకో ఊరు. ఫలానా ఆదివారం మ్యాచ్‌లో గొడవైంది, తీర్పు చెప్పండని మూడో ఊరు. నియమాల పుస్తకం పంపమని ముప్పై ఊళ్లు. ఇవన్నీ అకాడమీ చిరునామాకు వచ్చి పడేవి. పగలు పాఠాలు, సాయంత్రం ఆట, రాత్రి వ్యాసాలు. ఉత్తరాలు పేరుకుపోయాయి. లెక్కల పుస్తకం అసలు పుస్తకమేనా అన్న అనుమానం కలిగే స్థితికి చేరింది. కాలిబంతిలో, కర్రలో, గుండులో తిరుగులేనివాడికి పోస్టుబిళ్ల అంటించి జవాబు పంపడం చేతకాలేదు.

సంఘం విజయమే ఆయన్ని ముంచిందని నాకనిపిస్తుంది. పదిమంది క్లబ్బుకైతే ఆయన బ్రహ్మాండమైన కార్యదర్శి. గొంతెత్తి పిలిస్తే పదిమందికీ వినబడుతుంది. వందల క్లబ్బులకు గొంతు చాలదు, గుమస్తా కావాలి. గుమస్తాను పెట్టుకోవాలన్న ఆలోచన ఆయనకు రాలేదు, పెట్టుకునే డబ్బు సంఘానికి లేదు.

మీదమిక్కిలి ఆయన కోపం. 1886 వసంతంలో ఫ్రీమన్స్ జర్నల్ అనే పెద్ద దినపత్రికతో తగాదా పెట్టుకున్నాడు. ఆ పత్రిక యజమాని ఆర్చిబిషప్ క్రోక్‌కు కావలసినవాడు. పెద్దాయన కల్పించుకున్నారు. ఎదురు చెప్పిన ప్రతివాడినీ కలంతో పొడుస్తూ క్యూసాక్ ఇష్టారాజ్యం చేస్తానంటే తాను ఈ సంఘంతో ఉండలేనని బహిరంగంగా రాశారు. కాథలిక్ ఐర్లండ్‌లో ఆర్చిబిషప్ ఆ మాటన్నాక తల వంచుకోవడమొక్కటే దారి. క్యూసాక్ ముందు ఆ పెద్దాయనకే పరుషంగా ఉత్తరం రాశాడు. తరవాత క్షమాపణ చెప్పుకున్నాడు. ఆలస్యమైపోయింది.

1886 జూలై 4, ఆదివారం. మళ్లీ థర్లస్. ఈసారి గది నిండుగా ఉంది. జిల్లాల నుంచి ప్రతినిధులొచ్చారు.  క్యూసాక్ పెట్టిన సంఘంలో చేరినవాళ్లే ఇవాళ ఆయన్ని దించడానికి వచ్చి కూర్చున్నారు. ఆరోపణలు ఒక్కొక్కటే చదివారు. జాతి ద్రోహం లేదు, డబ్బు తిన్నాడన్న మాట లేదు. ఉత్తరాలకు జవాబు రాయడు. లెక్కలు చూపించడు. నోరు అదుపులో ఉండదు. తానొక్కడే కార్యదర్శి అన్నట్టు ప్రవర్తిస్తాడు. క్యూసాక్ లేచాడు, గట్టిగా తిప్పికొట్టాడు, ఆ తిప్పికొట్టడంలోనే నోరు అదుపులో ఉండదన్న ఆరోపణను తానే రుజువు చేశాడు. ఓటింగులో భారీ తేడాతో ఓడిపోయాడు. సంఘం పెట్టి ఇరవై నెలలైంది.

నిజం చెప్పాలంటే ప్రతినిధుల తీర్పులో అన్యాయమేమీ లేదు. చందా పంపి ఆర్నెల్లు రసీదు కోసం చూసిన ఊరి క్లబ్బు కార్యదర్శి వైపు నుంచి చూడండి. అతనూ జీతం లేకుండానే చేస్తున్నాడు, వాళ్ల ఊళ్లో అతన్నీ నిలదీస్తున్నారు.

సముద్రం అవతల స్కాట్లండ్‌లో షింటీ కథ దాదాపు అదే కాలంలో నడిచింది, కాని చప్పుడు లేకుండా. స్ట్రాత్‌గ్లాస్ లోయలో కెప్టెన్ ఆర్చిబాల్డ్ చిజమ్ అనే మాజీ సైనికాధికారి 1880లోనే తమ క్లబ్బుకు నియమాలు రాసిపెట్టాడు. 1887 ఫిబ్రవరిలో ఇన్వర్‌నెస్‌లో పక్కలోయ గ్లెన్ అర్కర్ట్‌తో పెద్ద పోటీ పెట్టారు. స్ట్రాత్‌గ్లాస్ ఓడింది. మళ్లీ ఆరేళ్లు ఓపిక పట్టి, 1893 అక్టోబర్ 10న కింగస్సీలో క్లబ్బులన్నీ కూడి కమనాక్ అసోసియేషన్ స్థాపించాయి. చిజమ్‌ను తొలి చీఫ్‌గా ఎన్నుకున్నాయి. 1896లో మొదటి కప్పు కింగస్సీ ఎగరేసుకుపోయింది. అక్కడ ముందు నియమాలు, తరవాత పోటీ, ఆ తరవాత సంఘం. క్యూసాక్ ముందు సంఘం పెట్టి తరవాత నియమాల కోసం పరుగెత్తాడు. చిజమ్‌ను ఎవరూ దించలేదు. మరో మాట కూడా చెప్పుకోవాలి: షింటీ కొండల్లోనే ఉండిపోయింది, హర్లింగ్ దేశాన్ని కమ్మేసింది.

పదవి పోయిన మనిషి ఊరుకోలేదు. 1887 జనవరిలో సెల్టిక్ టైమ్స్ అనే వారపత్రిక మొదలుపెట్టాడు. హర్లింగ్, అథ్లెటిక్స్, ఐరిష్ భాష, కార్మికుల కష్టాలు, మధ్యలో సంఘం కొత్త నాయకులకు వారం వారం వడ్డింపు. సరిగ్గా ఏడాది నడిచింది. 1888 జనవరిలో మూతపడింది. ఆ సంచికలు తరవాత దాదాపు ఎవరికీ దొరకలేదు. ఎప్పటికో బయటపడి 2003లో పుస్తకంగా అచ్చయ్యాయి.

ఆ పత్రిక నడిచిన 1887లోనే సంఘం లోపల రహస్య విప్లవకారులకూ, చర్చి వర్గానికీ కుర్చీల కొట్లాట జరిగింది. డావిన్ పక్కకు తప్పుకున్నాడు, మళ్లీ వచ్చాడు, మళ్లీ తప్పుకున్నాడు. ఇంత గందరగోళంలోనూ మొదటి అఖిల ఐర్లండ్ హర్లింగ్ ఫైనల్ 1888 ఏప్రిల్ 1న బర్ పట్టణంలో జరిగింది. జట్టుకు 21 మంది. టిప్పరరీ తరఫున థర్లస్, గాల్వే తరఫున మీలిక్. థర్లస్ గెలిచింది. ఇద్దరూ ఒకే నియమాల పుస్తకంతో ఆడారు.

1890లో క్యూసాక్ భార్య మార్గరెట్ చనిపోయింది. అకాడమీ చితికిపోయింది. పిల్లలు చెల్లాచెదురయ్యారు. ఆయన డబ్లిన్ వీధుల్లో, పబ్బుల్లో దుడ్డుకర్ర ఊపుకుంటూ, తనను తాను 'సిటిజన్ క్యూసాక్' అని పరిచయం చేసుకుంటూ, ఐరిష్ పాఠాలు చెప్పుకుంటూ బతికాడు. ఆ నగరంలోనే పెరుగుతున్న ఒక కుర్రాడు ఈ వాలకం గమనించాడు. 1922లో అచ్చయిన జేమ్స్ జాయిస్ 'యులిసిస్' నవల పన్నెండో అధ్యాయంలో పబ్బులో కూర్చుని పరాయివాళ్ల మీద ఎగిరిపడే పెద్దమనిషి పేరు 'సిటిజన్'. బొమ్మ క్యూసాక్‌దే. పూర్తి క్యూసాక్ మాత్రం కాదు. క్రికెట్ మీద వ్యాసం రాసిన క్యూసాక్, పోలీసు శిష్యుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని సంఘం పెట్టిన క్యూసాక్ అందులో కనిపించడు. అన్నట్టు ఆ సంఘమే పోలీసులకు సభ్యత్వం నిషేధించింది. వ్యవస్థాపకుల్లో ఒకడైన మెకార్తీకి సంఘం గేటు మూసేసింది.

1901లో థర్లస్‌లోనే జరిగిన సభలో కార్యదర్శి పదవికి క్యూసాక్ మళ్లీ నిలబడ్డాడు. యాభై దాటిన వయసు. పదిహేనేళ్ల కిందట పోగొట్టుకున్న కుర్చీ. ఎదురుగా విక్లో జిల్లా మనిషి ల్యూక్ ఓటూల్. అతను కోపధారి కాదు, గొప్ప వక్తా కాదు. ఉత్తరం వస్తే జవాబిచ్చే రకం. కొద్ది ఓట్ల తేడాతో ఓటూల్ గెలిచాడు.

1906 నవంబర్ 28న క్యూసాక్ చనిపోయాడు. గ్లాస్‌నెవిన్ శ్మశానంలో సమాధి చేశారు.

ఓటూల్ ఆ కుర్చీలో 1929 దాకా, కన్నుమూసేదాకా ఉన్నాడు. ఆయన హయాంలో లెక్కలు దారికొచ్చాయి. 1913లో సంఘం డబ్లిన్ జోన్స్ రోడ్డు మైదానాన్ని 3,500 పౌండ్లకు కొని ఆర్చిబిషప్ పేరుతో క్రోక్ పార్క్ అని పిలిచింది. అది అంతకుముందు ఫ్రాంక్ డినీన్ చేతిలో ఉంది. డినీన్ కూడా పరుగు పందాల నుంచి సంఘం పదవుల్లోకి వచ్చినవాడే. 1908లో సొంత పూచీ మీద ఆ స్థలం కొని, సంఘం చేతికి డబ్బొచ్చేదాకా కాపాడాడు. ఇవాళ అక్కడ 82,300 మంది కూర్చోవచ్చు. 1938లో ఒకవైపు కట్టిన స్టాండ్‌కు క్యూసాక్ పేరు పెట్టారు. ఇంకో స్టాండ్‌కు తరవాతి కాలంలో డావిన్ పేరు వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లు ఉత్తరాలకు జవాబులు రాసిన ఓటూల్ పేరు ఏ స్టాండ్‌కూ లేదు.